చీరలు తర్వాత పంచుదురు గాని, ముందు తోడు వెళ్లండి

వందనాలు తమ్ముడూ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చెన్నై తొరైపాక్కంలో 60 కుటుంబాల తెలుగు క్రైస్తవ సంఘం, సగంమంది ఐటీ ఉద్యోగస్తులు. నెలకు 40,000 దాకా పేదల కోసం తీయగలరు. క్రిస్మస్‌కి 200 మందికి చీరలూ భోజనాలూ అని కొందరు, పిల్లల హోమ్ పెడదామని ఇంకొందరు. ఏం చేసినా మతం మార్చడానికే అంటారేమోనని మీ బెంగ. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను ఉత్తర చెన్నైలో కార్పొరేషన్ తెలుగు మీడియం బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. మా సంఘం పేదల నిధి లెక్కలు 19 ఏళ్లుగా నేనే రాస్తున్నాను. కాబట్టి నా జవాబంతా ఆ లెక్కల పుస్తకంలోంచే.

ఆ పుస్తకం తిరగేస్తే నాకు తెలిసొచ్చిందొకటే. డబ్బు కావాలని వచ్చినవాళ్లలో ఎక్కువమందికి అసలు కావలసింది ఓ కాగితం, లేదంటే ఆ కాగితం చదివిపెట్టే మనిషి. ఈ ఊళ్లో డబ్బిచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. తెలుగు తెలిసి, తమిళం చదవగలిగి, పనిరోజున పొద్దున ఏడింటికి గవర్నమెంటు ఆసుపత్రిలో ఓపీ లైన్లో నిలబడే మనిషి దొరకడమే కష్టం.

ఒక వేసవిలో కనిగిరి వైపు నుంచి ముసలి దంపతులు మా చర్చి గేటు దగ్గరికొచ్చారు. ఆయనకి కడుపులో గడ్డ. ఊళ్లో డాక్టరు మద్రాసు పొమ్మన్నాడట. ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రికి వచ్చి 11 రోజులైంది, పడక వరండాలోనే. ఇంటికి వెళ్లిపోతాం, 2,000 ఇప్పించండి అన్నారు. మా పెద్దల్లో ఒకాయన జేబులో చెయ్యి పెట్టేశాడు కూడా. నేను ఆ తాత చేతిలోని ప్లాస్టిక్ కవరు తీసుకుని చూశాను. స్కాన్ చీటీ మీద తేదీ కొట్టేసి ఇంకో తేదీ, అదీ కొట్టేసి మరోటి, మొత్తం మూడుసార్లు. ఎందుకు వాయిదా వేశారు తాతా అంటే, "ఏమోనమ్మా, తినే రమ్మంది ఆ నర్సమ్మ, తినే పోతన్నా. పోంగానే కసురుతుంది" అన్నాడు.

నర్సు చెప్పింది "సాప్పిడామ వాంగ" అని. తినకుండా రండి అని. ఈయన చెవికి అందులో సాపాటు ఒక్కటే వినబడింది. పాపం, చెప్పినమాట వినేవాడు కాబట్టి, పొద్దున్నే అమ్మ క్యాంటీన్‌లో రూపాయి ఇడ్లీలు నాలుగు తిని మరీ వెళ్లేవాడు, మూడుసార్లూ. మర్నాడు మా స్త్రీల సమాజం నుంచి ఒకామె ఆరున్నరకే వెళ్లి, ఆయన పక్కనే కూర్చుని, ఇడ్లీ బండి వైపు చూడనివ్వలేదు. పదింటికల్లా స్కాన్ అయిపోయింది. ఆ రోజు మా నిధికి పడిన ఖర్చు బస్సు టికెట్లు (అప్పటికింకా ఆడవాళ్లకి టౌను బస్సు ఉచితం కాలేదు), రెండు కాఫీలు. ఆ 2,000 చేతిలో పెట్టి ఉంటే, ఆయన్ని గడ్డతో సహా ఊరికి సాగనంపేవాళ్లం.

బైబిల్లో ఇది కొత్త సంగతేం కాదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మళ్లీ చదవండి. మొదటి సంఘంలో మొట్టమొదటి గొడవ అన్నం దగ్గరే వచ్చింది. రోజూ పెట్టే భోజనంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు. యెరూషలేములో వాళ్లది వేరే భాష. అప్పుడు ఏడుగురిని ఏర్పరచారు, ఏడుగురివీ గ్రీకు పేర్లే. ఏ భాషవాళ్లకి అన్యాయం జరిగిందో ఆ భాషవాళ్ల చేతికే వడ్డన అప్పగించారన్నమాట. ప్రసంగాల్లో ఆ ఏడుగురిలో ఒకడైన స్తెఫను దగ్గరే ఆగిపోతాం గానీ, ఈ పేర్ల సంగతి ఎవరూ ఎత్తరు. చెన్నైలో తెలుగు సంఘానికి ఇంతకంటే సూటిగా చెప్పే అధ్యాయం నాకు కనబడలేదు.

కాగితం అన్నాను కదా, ఒక్క కాగితంలో రెండు మాటలు ఎంత పని చేస్తాయో చెప్తాను. మా చుట్టుపక్కల పారిశుధ్య పనివాళ్లలో మూడు నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. తమిళం మాట్లాడతారు, అదీ కొందరికి చదవడం రాదు. అందులో ఒకతను మురుగు గుంటలోకి దిగి చనిపోయాడు. నా దగ్గర మూడో తరగతి చదివిన పిల్లాడే. భార్యకి 24 ఏళ్లు. దినానికి బియ్యం, పప్పు, 5,000 రూపాయలు తీసుకెళ్లాం. అక్కడితో మా పని అయిపోయిందనుకునేవాళ్లమే. ఆ అమ్మాయి ఎఫ్ఐఆర్ కాపీ తెచ్చి, ఇందులో ఏముందో చదవండి టీచరమ్మా అంది. "తవఱి విళుందు" అని ఉంది. కాలు జారి పడి అని. గుంట శుభ్రం చేయడానికి దించారన్న మాట ఎక్కడా లేదు. ఎవరు అలా రాయించారో మీరే ఊహించుకోవచ్చు. కింద ఆమె వేలిముద్ర ఉంది.

ఆ రెండు మాటల వల్ల ఆమె పోగొట్టుకునేది ఎంతో తెలుసా? మురుగు గుంటల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని, 1993 నుంచి జరిగిన చావులన్నిటికీ వర్తింపజేయాలని సుప్రీంకోర్టు 2014 మార్చిలో తీర్పిచ్చింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. మామూలుగా కాలు జారి పడితే ఇవేవీ రావు. జిల్లా న్యాయ సేవల అధికార సంస్థ ఆడవాళ్లకి ఆదాయం ఎంతని అడగకుండా ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. ఇద్దరం ఆమెతో కలిసి తిరగని ఆఫీసు లేదు. పోస్టుమార్టం రిపోర్టు, వారసుల సర్టిఫికెట్, తోటి పనివాళ్ల సాక్ష్యం, అన్నీ పోగుచేసుకునేసరికి ఏడాదిన్నర పట్టింది. వచ్చింది అప్పటి లెక్కన 10 లక్షలు. మేమిచ్చిన 5,000 పక్కన పెట్టి చూడండి.

2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. అందులో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు చాలామంది. ఊళ్లనుంచి వచ్చిన అమ్మలకీ అన్నలకీ మార్చురీ దగ్గర అధికారులు పిలుస్తున్న పేర్లే అర్థం కాలేదు. మేం నలుగురం అక్కడ నిలబడి చేసింది ఒకే పని, తమిళంలో అన్నది తెలుగులో చెప్పడం. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఇప్పుడు మీ చీరల సంగతి. ఇది నా తప్పు, నేనే చెప్పుకోవాలి. మొదట్లో ఒక క్రిస్మస్‌కి 40 చీరలు హోల్‌సేల్లో కొన్నాం. చవగ్గా వస్తాయని అన్నీ ఒకటే రంగు, ముదురు నీలం, పసుపు అంచు. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరినీ పేరుపెట్టి వేదిక మీదికి పిలిచి, అయ్యగారి (పాస్టరుగారి) చేత ఇప్పించి, ఫొటోలు తీయించాను. అందరూ చప్పట్లు కొట్టారు. జనవరి నుంచి వాళ్లలో ఒకామె చర్చికి రావడం మానేసింది. ఇంటికెళ్లి అడిగితే చాలాసేపు చెప్పలేదు. చివరికి అంది: "ఆ రోజు మా వియ్యాలవాళ్లు వెనక బెంచీలో కూర్చున్నారమ్మా." చీర బీరువాలో మడత విప్పకుండా ఉంది. కట్టుకుని వీధిలోకి వస్తే, చర్చిలో ఇచ్చిన చీర అని ఆ రంగే చెప్పేస్తుంది కదా. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పాడు. నేను ఫొటోగ్రాఫర్‌ని పెట్టాను.

ఆ తర్వాత మేం పంపకాలు మానేశాం. ప్రభువు సంస్కారం ఇచ్చే ఆదివారం రెండో కానుక సంచి పడతాం, అది పేదల నిధి. నెలనెలా సాయం అందుకునే ముసలివాళ్లు మా సంఘంలో తొమ్మిదిమంది. ఎవరెవరన్నది అయ్యగారికీ నాకూ ఇంకొక పెద్దకీ తప్ప తెలియదు. వార్షిక లెక్కల్లో పేర్లుండవు, నంబర్లుంటాయి. ఇచ్చేది డబ్బే. "డబ్బిస్తే ఏం చేస్తారో, సరుకులే ఇవ్వాలి" అనేవాళ్లు ప్రతి కమిటీలోనూ ఒకరుంటారు, మీ దగ్గరా ఉంటారు. వినకండి. 70 ఏళ్లు సంసారం నడిపినామెకి ఈ నెల మందులు కొనాలో కరెంటు బిల్లు కట్టాలో మనకంటే బాగా తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ల విషయంలో మాత్రం ఆసుపత్రికో మందుల షాపుకో మేమే కడతాం. ఒకతను ఒకే మందుల చీటీ పట్టుకుని ఐదు చర్చిలు తిరిగాడని తెలిశాక, సాయం చేసిన చీటీ వెనక ముద్రవేసి తేదీ రాయడం మొదలుపెట్టాం. కొంచెం మోటు పద్ధతే, కానీ పనిచేసింది.

మతం మార్చడానికే అంటారన్న బెంగకి ఒక పాత కథ. 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు గురించి మా ఒంగోలు వైపు ఇప్పటికీ ముసలివాళ్లు చెప్తారు. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఉన్నాడు. ఊరికే గంజి పొయ్యకుండా బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, చావుకి దగ్గరైన జనానికి పని, కూలి ఇప్పించాడు. అక్కడే వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారో దేవుని కోసం వస్తున్నారో తేలాలి కదా అని కరువు పని నడిచినంతకాలం ఆపేశాడు. పని అయిపోయి, కూలి ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ అంకెను మన సభల్లో గర్వంగా చెప్తాం. దానికి ముందు ఏడాదికి పైగా ఆయన కాదన్న సంగతి చెప్పం. నాకైతే ఆ కాదన్నదే పెద్దది. ఆ కాలువ మీ ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పక్కనే పారుతోంది. ఊళ్లో అడయారు, కూవం నదుల్ని కలిపే ముక్క కూడా ఆ కరువులో తవ్విందే. ఇప్పుడు ఎలక్ట్రిక్ రైలు స్తంభాలు నిలబడి ఉన్నది అందులోనే.

మా దగ్గర పద్ధతి ఇదీ: సాయం చేసిన ఇంటికి ఆ పని ముగిసేదాకా కరపత్రం ఇవ్వం, ఆరాధనకి రమ్మని పిలవం. వాళ్లంతట వాళ్లు "ప్రార్థన చెయ్యండమ్మా" అంటే చేస్తాం, మంచం పక్కనే, చిన్నగా. మా పాత అయ్యగారికి ఇది నచ్చలేదు, రెండేళ్లు వాదించుకున్నాం. ఇంకొక మాట, కొంచెం సున్నితమైంది. బయటివాళ్ల పేర్లు సంఘం రిజిస్టర్లో రాసి సంతకాలు తీసుకోకండి. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకి, సిక్కులకి, బౌద్ధులకే. క్రైస్తవులుగా లెక్కకెక్కితే పిల్లల సర్టిఫికెట్ మీద దెబ్బపడుతుంది. ఆ ఉత్తర్వు న్యాయమా అంటే నాకు చాలా కోపముంది, అది వేరే సంగతి. వాళ్లకి తెలియకుండా మన పుస్తకం వల్ల వాళ్ల హక్కు పోకూడదు.

పిల్లల హోమ్ వద్దు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 కింద రిజిస్ట్రేషన్ లేకుండా పిల్లల్ని పెట్టుకుంటే ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అటుంచితే, హోముల్లో చేరే పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో ఉంటారు, పెంచే శక్తి ఉండదంతే. ఆ అమ్మకి నెలకు 3,000 ఇస్తే బిడ్డ ఇంట్లోనే పెరుగుతాడు. నిజంగా దిక్కులేని బిడ్డ కనబడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి, శిశు సంక్షేమ కమిటీ చూసుకుంటుంది. పిల్లలకి ఏదైనా చెయ్యాలని మనసు లాగుతుంటే సాయంత్రం పూట తమిళం ట్యూషన్ పెట్టండి. అవును, తెలుగు సంఘంలో తమిళం. 2006 చట్టంతో ఇక్కడి బళ్లలో తమిళం తప్పనిసరైంది. కట్టుబడి పనికి వచ్చినవాళ్ల పిల్లాడు ఐదో తరగతిలో చేరి అ ఆ ల దగ్గరే తడబడి, ఆరో తరగతికి బడి మానేసి సిమెంటు తట్ట ఎత్తుతాడు. లెక్కలు వాడికి వచ్చు, ప్రశ్న చదవడం రాదు. మీ సంఘంలో తమిళం మీడియంలో చదువుకున్న ఆడపిల్లలుంటారు, వాళ్లే దీనికి టీచర్లు.

బియ్యం పంచేముందు కూడా ఆగండి. ఆంధ్రా రేషన్ కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్నదైతే, ఒకే దేశం ఒకే కార్డు పద్ధతిలో చెన్నై రేషన్ షాపులో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డైతే కుదరదు. ఏది ఏదన్నది కార్డు నంబరు కొట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది. మీ ఐటీ కుర్రాళ్లకి ఇదొక పనా. భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు నమోదు కూడా అంతే, కూర్చుని ఫారం నింపేవాళ్లు లేక ఆగిపోతుంది.

డబ్బు గురించి క్లుప్తంగా. 40,000లో 15,000 నెలవారీ సాయానికి, 10,000 ఉన్నట్టుండి వచ్చే అవసరాలకి, ఓ 5,000 ఆటోలకీ జెరాక్సులకీ తీసిపెట్టండి. మిగిలిన 10,000 ముట్టుకోకండి. ఈ ఊరికి డిసెంబరు వస్తుంది. 2015 వరద, 2016 వర్దా తుఫాను, 2023 మిచౌంగ్ తుఫాను, అన్నీ ఆ నెలలోనే. 2015లో మా చర్చి హాలు నిండా పాత బట్టల మూటలు వచ్చిపడ్డాయి. విప్పితే జత లేని చెప్పులు, చిరిగిన పెళ్లికోటు, జాకెట్టు లేని పట్టుచీర. మోకాలి లోతు బురద ఎత్తిపోసుకుంటున్న ఆడవాళ్లు మమ్మల్ని అడిగింది శానిటరీ నాప్కిన్లు, బ్లీచింగ్ పౌడరు, చాప, ఒక స్టవ్వు. ఆ తర్వాత తడిసిపోయిన కాగితాల బదులు కొత్తవి తీసుకునేందుకు ప్రభుత్వం శిబిరాలు పెడితే, అక్కడ కూర్చుని అప్లికేషన్లు రాశాం. బట్టల మూటలు పారేయడానికి మాకు లారీ బాడుగ అయింది.

మీ సంఘంలో ఒకరి అన్నయ్య అమెరికా నుంచి పంపుతానన్నాడని రాశారు. ఆయనది ఇండియా పాస్‌పోర్టే అయి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు. అందులో ఎన్నారై అన్న మాట విని మోసపోకండి, పాస్‌పోర్టు ఏ దేశానిదో చూడండి.

ఇక మొదలెక్కడ అంటే, మీకు కూతవేటు దూరంలోనే కణ్ణగి నగర్ ఉంది, ఇంకాస్త ముందుకెళ్తే పెరుంబాక్కం. కూవం ఒడ్డునుంచీ కాలువ గట్లనుంచీ ఎత్తి తెచ్చి పెట్టిన కుటుంబాలు, వాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. పెరుంబాక్కంలో ఎనిమిదంతస్తుల బ్లాకులు. లిఫ్టు ఆగిందంటే పై అంతస్తు ముసలామె మందులకి దిగలేదు. ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు తిరిగొచ్చేది మధ్యాహ్నం రెండు, మూడింటికి. ఆ వేళకి వెళ్లండి, ఇద్దరు ఆడవాళ్లుంటే మంచిది. సంచిలో ఏమీ తీసుకెళ్లకండి. తీసుకెళ్తే జనం సంచినే చూస్తారు, మీతో మాట్లాడరు. రెండు నెలలపాటు వినడమే. ఎవరింట్లో ఏ కాగితం ఆగిపోయిందో, ఎవరు ఏ ఆసుపత్రిలో ఏ లైన్లో ఉన్నారో నోటుబుక్కులో రాసుకోండి.

ఈలోగా ఒక లెక్క తీసి నాకు రాయండి: మీ 60 కుటుంబాల్లో తమిళం చదవగలిగినవాళ్లు ఎంతమంది, అందులో పనిరోజున పొద్దున పూట ఖాళీ ఉన్నవాళ్లు ఎంతమంది. రిటైరైనవాళ్లని, నైట్ షిఫ్టువాళ్లని, ఇంట్లో ఉండే అత్తగార్లని కూడా కలపండి. అయిదుగురు తేలినా చాలు, వారానికి ఎవరిది ఏ రోజో కలిసి కూర్చుని రాద్దాం.